ఒక్క డైలాగు కోసం

2006 సెప్టెంబరు 14, గురువారం. నేను లండన్‌లో దిగి అప్పటికి నాలుగు రోజులు. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం ఆ రాత్రి తొమ్మిదింటికి బీబీసీ టూలో వచ్చిన ఒక కామెడీ. 'ఎక్స్‌ట్రాస్' రెండో సిరీస్ ఆ రోజే మొదలైంది.

ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ పక్క సందులో మా ఇల్లు. కింద రెండు గదులు, పైన మూడు. తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం, అందరం తెలుగువాళ్ళమే. గుంటూరు వాళ్ళం ఇద్దరం, ఖమ్మం అన్న ఒకాయన, భీమవరం కుర్రాళ్ళు ముగ్గురు, మిగిలినవాళ్ళు కరీంనగర్. ముందున్నవాళ్ళు వదిలేసి వెళ్ళిన పాత టీవీ ఒకటి హాల్లో ఉండేది. దాని ఎదురుగా గోడ వారన పరుపు. ఇంకా కాలేజీ మొదలవలేదు, ఉద్యోగం దొరకలేదు, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడుస్తోంది. ఏం తోచక ఆ పరుపు మీద కూర్చున్నాను.

టీవీలో ఓ లావుపాటి మనిషి. తల మీద ఉంగరాల విగ్గు, కళ్ళకి పెద్ద అద్దాలు. ఏదో అన్నాడు, ఎదురుగా కూర్చున్న జనం గొల్లుమన్నారు. విగ్గు కింద ఆ మనిషి ముఖంలో మాత్రం సంతోషం లేదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగం అర్థం కాలేదు కానీ ఆ ముఖం అర్థమైంది.

ఖమ్మం అన్న పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు. "వీడు మొన్నటిదాకా జూనియర్ ఆర్టిస్టు తమ్ముడూ. ఇప్పుడు సొంతంగా ఒక కామెడీ రాసుకున్నడు. వీడు రాసింది ఒకటి, ఆళ్ళు తీయిస్తున్నది ఒకటి."

జూనియర్ ఆర్టిస్టు అన్న మాట చెవిన పడగానే నాకు మా చిన్న మావయ్య గుర్తొచ్చాడు. ఆ తర్వాత ఆ సీరియల్‌ని మావయ్యతో కలపకుండా నేను ఎప్పుడూ చూడలేకపోయాను.

మా మావయ్యది తెనాలి. అమ్మకి ఆఖరి తమ్ముడు. పరిషత్తు నాటకాల్లో వేసేవాడు. మైకు లేకుండా చివరి వరసకి వినపడే గొంతు. కృష్ణుడి పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్లు పడేవి. ఆ గొంతు చూసుకునే 1994లో హైదరాబాద్ బండెక్కాడు. అన్నపూర్ణ స్టూడియోకి దగ్గర్లో, కృష్ణానగర్‌లో మేడ మీద ఒక గది. తర్వాత పెళ్ళయ్యాక అత్తయ్య కూడా అదే గదికి వచ్చింది. ఆవిడ కుట్టు మిషను, మావయ్య ట్రంకు పెట్టె, ఒక గ్యాస్ పొయ్యి. ఇంకో మనిషి వస్తే ఒకళ్ళు మేడ మెట్ల మీద కూర్చోవాలి. నా వేసవి సెలవులు సగం ఆ మెట్ల మీదే గడిచాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేవాడు. ఒక సంచిలో ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, కండువా, లాల్చీ. ఇంకో కవర్లో ప్యాంటు, షర్టు. ఊరి పెద్దగా నిలబెడతారో, బస్టాండులో ప్రయాణికుడిగా కూర్చోబెడతారో ముందు తెలియదు కాబట్టి రెండూ ఉండాలి. ఏజెంటు చెప్పిన చోటికి వెళ్ళి బండెక్కితే మళ్ళీ రాత్రికే రావడం. పెళ్ళి సీను, కోర్టు సీను, సభలో చప్పట్ల సీను. ఒకసారి పంక్తి భోజనాల సీను గురించి చెప్పాడు. విస్తట్లో గారె, బూరె, పులిహోర అన్నీ వడ్డించారట. తినకూడదు. ఇంకో టేకు తీస్తే విస్తరి ముందున్నట్టే కనపడాలి. మధ్యాహ్నం రెండింటిదాకా ఆ విస్తరి ముందు కూర్చుని నమిలినట్టు నటించి, తర్వాత లేచి వెళ్ళి అసలు భోజనానికి లైన్లో నిలబడ్డాడట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ లేదు. "నమలడం కూడా యాక్షనేరా అబ్బాయ్, దవడ కదిలితే చాలదు, రుచి తెలిసినట్టుండాలి" అని చేసి చూపించాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే. ఒక్క డైలాగు.

ఆ రెండో సిరీస్ ఆరు వారాలూ నేను పరుపు వదల్లేదు. తర్వాత లైబ్రరీ నుంచి మొదటి సిరీస్ డీవీడీ తెచ్చుకుని వెనక్కి వెళ్ళాను. అది 2005 జులై 21న మొదలైంది. రికీ జర్వైస్, స్టీఫెన్ మర్చంట్ ఇద్దరూ రాసి, తీసి, నటించారు. అంతకుముందు 'ది ఆఫీస్'తో పేరు తెచ్చుకున్న జంట. రెండు సిరీస్‌లకి కలిపి 12 ఎపిసోడ్లు, ఆఖర్న ఒక క్రిస్మస్ స్పెషల్. అంతే. ఆ కొంచెంలోనే ఎంతమంది మనుషులు!

మొదటి ఎపిసోడ్‌లోనే నాకు గుండె పట్టేసింది. నేను మొదటి రాత్రి చూసిన ఆ విగ్గు మనిషే ఆండీ మిల్‌మన్, వేసింది రికీ జర్వైస్. ఆండీకి నలభై దాటాయి. ఎవరైనా ఎక్స్‌ట్రా (వాళ్ళ భాషలో జూనియర్ ఆర్టిస్టు) అంటే ఒప్పుకోడు, నేను నటుణ్ణి అంటాడు. బోస్నియా యుద్ధం మీద సినిమా తీస్తుంటారు, డైరెక్టరు హాలీవుడ్ నటుడు బెన్ స్టిల్లర్. ఆ కథ ఎవరి జీవితమో ఆ మనిషి కూడా సెట్లో ఉంటాడు. యుద్ధంలో భార్యని పోగొట్టుకున్నవాడు. ఆండీ అతని పక్కన చేరి, ఓదార్చి, మంచి చేసుకుంటాడు. ఎందుకంటే ఆ మనిషి చెబితే సినిమాలో తనకో డైలాగు ఇస్తారని. నవ్వు పుట్టించే సీనే. ఇంట్లో అందరూ నవ్వారు కూడా. నాకు మాత్రం ఆండీ మీద కోపం రాలేదు. ఎదుటివాడి కన్నీళ్ళ దగ్గర కూడా ఆ ఒక్క మాట కోసం చెయ్యి చాపేంతగా మనిషి ఎలా అవుతాడో నాకు తెలుసు. కృష్ణానగర్ మెట్ల మీద కూర్చుని చూశాను.

మావయ్యకి 1999లో డైలాగు దొరికింది. సినిమా పేరు చెప్పను. హీరో ఊళ్ళోకి వచ్చి ఒక ఇల్లు ఎక్కడని అడుగుతాడు. చెట్టు కింద కూర్చున్న పెద్దాయన చెప్పాలి. "ఆ ఇల్లా బాబూ? చెరువు దాటాక కుడిచేతి వైపు." అంతే. మూడు రోజులు సాధన చేశాడు. మొదట 'బాబూ' దగ్గర ఆగాడు. తర్వాత 'చెరువు' దగ్గర ఆగాడు. అత్తయ్య మిషను తొక్కుతూ ఆగిపోయి, "మొదటిదే బావుందండీ" అంది. షూటింగ్‌లో రెండో టేకుకే ఓకే అయిందని ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు.

సినిమా తెనాలిలో విడుదలైన రోజు మావయ్య, అత్తయ్య హైదరాబాద్ నుంచి వచ్చారు. మేం పదకొండు మందిమి ఒకే వరసలో కూర్చున్నాం. ఇంటర్వెల్‌కి ముందు ఆ సీను వచ్చింది. చెట్టు, అరుగు, తెల్ల పంచెలో మావయ్య. తమ్ముడు ఈలేశాడు. తెర మీద మావయ్య నోరు తెరిచాడు. వినిపించింది మావయ్య గొంతు కాదు.

సన్నటి గొంతు, ముక్కుతో మాట్లాడినట్టు. అలాంటి చిన్న చిన్న మాటలన్నీ డబ్బింగ్ థియేటర్లో ఒకరిద్దరు కలిసి చెప్పేస్తారని నాకు తర్వాత తెలిసింది. ఈయన్ని పిలవలేదు. అమ్మ చీకట్లో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పక్కకి తిరిగి మావయ్యని చూశాను. తెరని చూస్తూ పెదాలు కదుపుతున్నాడు, సరిగ్గా ఆ మాటలకి. బయటికొచ్చాక ఎవరం ఏం మాట్లాడలేదు. ఆయనే అన్నాడు, "లిప్పు బాగా కుదిరింది, చూశారా" అని.

అందుకే ఆండీ నాకు అంత దగ్గరయ్యాడు. మొదటి సిరీస్ చివర్లో అతని స్క్రిప్టు నటుడు ప్యాట్రిక్ స్టీవర్ట్ చేతికి వెళ్ళి, అక్కణ్ణుంచి బీబీసీకి చేరుతుంది. ఎంత పట్టుదలగా రాసుకున్నాడో! తీరా తీసేటప్పుడు వాళ్ళు విగ్గు పెడతారు, అద్దాలు పెడతారు, ఒక ఊతపదం తగిలిస్తారు. "ఆర్ యూ హ్యావింగ్ ఎ లాఫ్? ఈజ్ హీ హ్యావింగ్ ఎ లాఫ్?" లక్షలమంది ముందుకి వెళ్ళేది అతని ముఖమే, మాట మాత్రం అతనిది కాదు. నేను మొదటి రాత్రి చూసిన ఆ ముఖం అదే. విగ్గు తీసి పారేసి బయటికి నడిచే అవకాశం ఉంది, అతను నడవడు. నలభై ఏళ్ళు దాటాక దొరికిన తలుపు అది. నేను అతన్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు.

మ్యాగీ గురించి చెప్పకుండా ఈ సీరియల్ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఆండీ స్నేహితురాలు, తోటి ఎక్స్‌ట్రా మ్యాగీ జేకబ్స్‌గా వేసిన యాష్లీ జెన్సెన్ స్కాట్లాండ్ మనిషి. లండన్ వాళ్ళ మాటలు అందక నేను తికమక పడుతున్న రోజుల్లో ఆవిడ మాట నాకు తేలిగ్గా అర్థమయ్యేది. ర అక్షరం మింగెయ్యదు, మనలాగే నిండుగా పలుకుతుంది. రెండు షాట్ల మధ్య ఏ కోటలోనో, ఏ యుద్ధభూమిలోనో ఆ కాలం దుస్తుల్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఆండీని చిన్నపిల్లలా వింత ప్రశ్నలు అడుగుతుంది. ఇదా అదా, రెండిట్లో ఏదైతే నీకిష్టం అని. ఆండీ విసుక్కుంటూనే జవాబు చెబుతాడు. నాకు ఆ సీరియల్ మొత్తంలో బాగా ఇష్టమైనవి ఆ కబుర్లే. పెద్ద పెద్ద హీరోలు వచ్చి వెళ్ళే సీన్లు తర్వాత.

మ్యాగీకి డైలాగు అక్కర్లేదు. పేరు అక్కర్లేదు. నచ్చిన మగవాడు ఒకడు దొరికితే, సాయంత్రం స్నేహితుడితో నవ్వుకుంటే చాలు. నోటికొచ్చింది అనేసి, అన్న తర్వాత నాలుక్కరుచుకుంటుంది. ఆండీ పైకి వెళ్తుంటే లోపల ఈర్ష్య లేకుండా సంతోషించిన ఒకే ఒక్క మనిషి. ఆవిడకి 2005లో బ్రిటిష్ కామెడీ అవార్డుల్లో ఉత్తమ నటి, కొత్త నటి రెండు బహుమతులూ వచ్చాయని చదివినప్పుడు మా ఇంట్లో అమ్మాయికి ఫస్ట్ ర్యాంకు వచ్చినంత ఆనందపడ్డాను.

ఇక డారెన్ ల్యాంబ్. ఆండీకి ఏజెంటు. స్టీఫెన్ మర్చంట్ మామూలుగానే తాడిచెట్టంత మనిషి, ఆ ఎత్తుతో ఆ చిన్న ఆఫీసులో కూర్చుంటే గది ఇరుకైపోయేది. అవకాశాలు తేవడు, వచ్చిన అవకాశాన్ని చెడగొడతాడు, పక్కన ఫోన్ల షాపులో ఉద్యోగం. అయినా వాడిలో కుళ్ళు లేదు. మావయ్యకి ఉన్న ఏజెంట్లలో ఒకాయన ఇచ్చే కూలీలోంచి తన వాటా ముందే కోసుకుని, మిగిలింది కూడా వారాలు తిప్పించుకుని ఇచ్చేవాడు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు డారెన్ దేవుడిలా కనిపించేవాడు.

డారెన్ పక్కనే బ్యారీ. దీనికి మా ఇంట్లో ఒక ప్రత్యేకత ఉంది. బీబీసీలో 'ఈస్ట్ ఎండర్స్' అని రోజువారీ సీరియల్ లాంటిది 1985 నుంచి వస్తోంది. తూర్పు లండన్‌లో వాల్‌ఫోర్డ్ అనే ఊహాలోకపు పేట కథ. అందులో బ్యారీ ఎవాన్స్ అనే పాత్ర వేసిన షాన్ విలియమ్‌సన్ ఆ పాత్ర చచ్చిపోయాక 2004లో బయటికొచ్చాడు. 'ఎక్స్‌ట్రాస్'లో ఆయన ఆయనగానే కనిపిస్తాడు. కానీ డారెన్ ఆయన్ని సొంత పేరుతో ఒక్కసారి కూడా పిలిచినట్టు నాకు గుర్తులేదు. ఈస్ట్ ఎండర్స్ బ్యారీ, అంతే. తెర మీద చచ్చిపోయిన పాత్ర పేరు ఆయన మెడలో పలకలా వేలాడుతుంటుంది. ఆ సీరియల్‌లో వాల్‌ఫోర్డ్ ఈస్ట్ అనే ట్యూబ్ స్టేషన్ ఉంటుంది. డిస్ట్రిక్ట్ లైన్ మ్యాపులో బ్రామ్లీ బై బో ఉండాల్సిన చోట దాన్ని పెట్టారు. నేను రోజూ వెళ్ళే లైన్ అదే. ఈస్ట్ హామ్, అప్టన్ పార్క్, ప్లాస్టో, వెస్ట్ హామ్, తర్వాత బ్రామ్లీ బై బో. రైలు అక్కడ ఆగినప్పుడల్లా ప్లాట్‌ఫాం మీద బ్యారీ కోసం చూసేవాణ్ణి, ఖాళీ చేతులతో, డారెన్ ఫోన్ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటాడేమో అని.

పేరున్న నటులు తమ పేరుతోనే వచ్చి తమని తాము కాస్త తక్కువ చేసుకుని నటించడం ఈ సీరియల్‌లో గొప్ప సంగతి. శామ్యూల్ జాక్సన్, కేట్ విన్‌స్లెట్, ఇయాన్ మెకెల్లెన్, రాబర్ట్ డినీరో. కేట్ విన్‌స్లెట్ సన్యాసిని వేషంలో కూర్చుని, నాజీల కాలపు దారుణాల మీద సినిమా చేస్తే ఆస్కార్ ఖాయం, అందుకే చేస్తున్నాను అంటుంది. 2009 ఫిబ్రవరిలో రెహమాన్ కోసం మా ఇంట్లో తెల్లవార్లూ మేలుకుని ఆస్కార్లు చూశాం. రెహమాన్‌కి రెండు వచ్చాయి, ఇల్లు ఎగిరిపోయింది. అదే రాత్రి కేట్ విన్‌స్లెట్‌కి 'ది రీడర్'కి వచ్చింది. ఆ కథలో ఉన్నదీ నాజీల కాలపు నేరమే. ఖమ్మం అన్న లేచి నిలబడి, "చెప్పింది కదరా, సన్యాసి డ్రెస్సులో కూర్చుని చెప్పింది కదరా!" అని అరిచాడు.

కానీ నా మనసులో ఉండిపోయింది లెస్ డెనిస్. ఒకప్పుడు బ్రిటన్ టీవీలో ఇంటింటా తెలిసిన మనిషి. ఆ ఎపిసోడ్‌లో గిల్ఫర్డ్‌లో అల్లావుద్దీన్ నాటకం వేస్తుంటారు, ఆండీ భూతం, లెస్ డెనిస్ అల్లావుద్దీన్. ఒక చోట లెస్ ఒక పత్రికకి ఫోన్ చేస్తాడు. తను ఎవరో దారిన పోయేవాడినన్నట్టు, ఫలానా చోట లెస్ డెనిస్ కనిపించాడు అని తన గురించి తనే చెబుతాడు. తన పేరు ఇంకా ఎవరికైనా పనికొస్తుందేమో అని. ఆయన నిజంగా లెస్ డెనిసే. తన పేరు పెట్టుకుని ఆ సీను చేయడానికి ఎంత ధైర్యం కావాలి! నాటకాల్లో ఒకప్పుడు వెలిగి తర్వాత కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర నిలబడే పెద్దాయనలని నేను చిన్నప్పుడు చాలామందిని చూశాను. మావయ్య వాళ్ళకి టీ ఇప్పించి, "ఈయన దుర్యోధనుడు వేస్తే స్టేజి అదిరేది రా" అని నాకు పరిచయం చేసేవాడు. అంత పెద్ద మనిషి ఆ మాటకి ఒక్కసారి నిటారుగా అయ్యేవాడు.

గాయకుడు డేవిడ్ బౌవీ ఎపిసోడ్ కూడా అంతే. ఆండీ క్లబ్బులో బౌవీ పక్కన కూర్చుని తన గోడు చెప్పుకుంటాడు, పేరొచ్చింది కానీ గౌరవం రాలేదని. బౌవీ విని, మెల్లగా పియానో వైపు తిరిగి, అప్పటికప్పుడు అతని మీదే ఒక పాట కడతాడు, లావుపాటి పనికిరానివాడా అని. చుట్టూ ఉన్నవాళ్ళందరూ గొంతు కలుపుతారు. ఆండీ అక్కడే కూర్చుని వింటుంటాడు. బౌవీ 2016 జనవరిలో పోయాడు. క్రిస్మస్ స్పెషల్‌లో కనిపించిన జార్జ్ మైఖేల్ అదే ఏడాది డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ రోజునే పోయాడు. ఆ రెండు వార్తలూ విన్నప్పుడు నాకు వాళ్ళ పాటల కంటే ముందు ఈస్ట్ హామ్ పరుపు గుర్తొచ్చింది.

ఆ స్పెషల్ 2007 డిసెంబరు 27న వచ్చింది. అప్పటికి ఇంట్లో తొమ్మిదిమందిలో నలుగురమే మిగిలాం. మిగిలినవాళ్ళు ఉద్యోగాలకి వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. బయట షాపులు మూసి ఉన్నాయి, పప్పుచారు, అప్పడాలు. ఖమ్మం అన్న ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

అందులో ఆండీ పెద్దవాడై డారెన్‌ని తీసేస్తాడు, కొత్త ఏజెంటుని పెట్టుకుంటాడు, మ్యాగీ ఫోన్లకి తీరిక లేదంటాడు. మ్యాగీ ఒక సినిమా సెట్లో నటుడు క్లైవ్ ఓవెన్ ముందు ఘోరమైన అవమానం పడి ఎక్స్‌ట్రా పని మానేస్తుంది. ఇళ్ళల్లో క్లీనింగ్ పనికి కుదురుతుంది. ఒక చిన్న గదిలోకి మారుతుంది. ఆ గది చూపిస్తారు, ఆమె నేల తుడవడం చూపిస్తారు, మాటలుండవు. అప్పటిదాకా తింటున్న అప్పడం నా చేతిలోనే ఉండిపోయింది. అత్తయ్య ఆ సమయానికి కృష్ణానగర్‌లో జాకెట్లు కుట్టడంతో పాటు రెండిళ్ళల్లో వంట పనికి వెళ్తోంది. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు, రోజంతా నిలబడలేక షూటింగులు తగ్గిపోయాయి. ఆ సంగతి నాకు అమ్మ చెప్పింది కానీ వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు.

ఆఖర్న ఆండీ మన బిగ్ బాస్ లాంటి సెలబ్రిటీ బిగ్ బ్రదర్ షో ఇంట్లోకి వెళ్తాడు. ఆ ఏడాది జనవరిలోనే శిల్పా శెట్టి ఆ ఇంట్లో పడిన మాటలన్నీ మేం రోజూ చూసి మండిపడ్డాం, ఆవిడ గెలిచిన రాత్రి రోడ్డు మీద స్వీట్లు పంచాం. అదే సోఫా, అవే కెమెరాలు. ఆండీ మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి ఆగి, ఈ పేరు పిచ్చి గురించి, దానికోసం తను ఏమైపోయాడో దాని గురించి చెప్పడం మొదలుపెడతాడు. తర్వాత కెమెరాకేసి చూసి మ్యాగీని క్షమించమంటాడు. తన చిన్న గదిలో మ్యాగీ టీవీలో అది చూస్తుంటుంది. మొదటిసారి ఆండీ విగ్గు లేకుండా, ఊతపదం లేకుండా, తను రాసుకున్న మాట కూడా కాకుండా, తన గొంతుతో మాట్లాడాడు. ఖమ్మం అన్న కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆయన నన్ను చూశాడు. ఇద్దరం లేచి ప్లేట్లు కడగడానికి వెళ్ళాం.

2009 వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు డీవీడీలు తెచ్చాను. తెనాలి వెళ్ళే ముందు కృష్ణానగర్‌లో దిగాను. అదే గది. అత్తయ్య ఉల్లిపాయ పకోడీ వేసింది. ట్రంకు పెట్టె మీద లాప్‌టాప్ పెట్టి, "మావయ్యా, మీ వాళ్ళ కథ తెచ్చాను" అన్నాను.

"మా వాళ్ళెవర్రా లండన్‌లో?" అన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

మొదటి ఎపిసోడ్ పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు రాదు. నేను ఆపి ఆపి చెబుతుంటే, "నువ్వు చెప్పకు, నాకు తెలుస్తోంది" అన్నాడు. నిజంగానే తెలిసింది. ఆండీ ఆ బోస్నియా మనిషి పక్కకి జరుగుతుంటే, "డైలాగు అడుగుతాడు చూడు" అన్నాడు. మ్యాగీ కుర్చీలో కూర్చుని ఏదో అడుగుతుంటే అత్తయ్య వైపు చూసి, "అచ్చం నీలాగే, పనికిరాని ప్రశ్నలు" అన్నాడు. అత్తయ్య చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కాసేపటికి గమనించాను, ఆయన ఆండీని చూడటం లేదు. ఆండీ, మ్యాగీ మాట్లాడుకుంటుంటే వాళ్ళ వెనకాల నడిచేవాళ్ళని, నిలబడ్డవాళ్ళని చూస్తున్నాడు. షూటింగ్ బట్టల్లో అటూ ఇటూ పోతున్న మనుషులు. ఎక్స్‌ట్రాల కథలో నిజమైన ఎక్స్‌ట్రాలు. నేను ఆ సీరియల్ అన్నిసార్లు చూశాను, వాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ వెనకాల కప్పు పట్టుకుని నిలబడ్డాయన ఎవర్రా?"

"తెలియదు మావయ్యా."

"బాగా చేస్తున్నాడు. కప్పు ఖాళీది. అయినా వేడిగా ఉన్నట్టు రెండు చేతులు మార్చాడు చూశావా?"

ఎపిసోడ్ అయిపోయి పేర్లు పడటం మొదలైంది. ఆయన లాప్‌టాప్ దగ్గరికి జరిగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కిందకి చదివాడు. తెర నల్లబడింది.

"ఆయన పేరు పళ్ళేదు" అన్నాడు. "వెనక్కి తిప్పు. ఇంకోసారి చూద్దాం."